లోవరాజు గారి మూడో ప్రమాద హెచ్చరిక

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వెంకన్న టీ కొట్టు. రెండువేల ఒకటి, ఏప్రిల్ నెల, ఉదయం తొమ్మిది గంటలు. ఇంజనీరింగ్ కుర్రాడు శశిభూషణ్ బల్ల నిండా కాగితాలు పరుచుకుని దిగులుగా కూర్చున్నాడు. నాలుగు కంప్యూటర్లు కలిపి చదరంగం ఆడించడం వాడి ఫైనలియర్ ప్రాజెక్టు. పదకొండింటికి వైవా. వచ్చిన చిక్కల్లా ఏంటంటే, ఒకే ఆటని ఒకే చోట ఆపి రెండుసార్లు అడిగితే, ఆ ప్రోగ్రాం ఒకసారి గుర్రాన్ని కదిపింది, ఇంకోసారి ఏనుగుని కదిపింది. ఎందుకలా చేసిందో ఎగ్జామినర్ అడిగి తీరతాడని గైడు ముందే చెప్పేశారు. చెప్పలేకపోతే ప్రాజెక్టు పోతుంది, జూన్‌లో చేరమన్న చెన్నై ఉద్యోగమూ పోతుంది. మెషీను ఏమేం ఆలోచించిందో వరసగా అచ్చేసిన లాగ్ ఆ కాగితాల్లో ఉంది. వాడూ, ఎదురుగా కూర్చున్న వాడి ప్రాజెక్టు జోడీ ఫణిశ్రీ, రెండు రోజులుగా తిరగేస్తున్నా కారణం దొరకలేదు.

పక్క బల్ల మీద లోవరాజు గారు టీ చల్లార్చుకుంటున్నారు. గోదావరి నీటిమట్టం చూసి రాసే ఉద్యోగం ఆయనది. ముప్పయ్యేళ్ళుగా అదే పని. ఆయనకి కనపడేట్టు దిగులుపడటమే శశిభూషణ్ చేసిన తప్పు.

"ఏంటి బాబూ అవి? ఏదీ, ఇలా ఇవ్వు. ఓస్, చదరంగం లాగ్ కాగితాలా! నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు, కావాలంటే వెంకన్నని అడుగు. ఏదో తొంభై ఎనిమిదిలో అమలాపురంలో ఒకాయన రెండు కంప్యూటర్లు ఇలాగే తీగేసి కలిపి చదరంగం ఆడిస్తుంటే, లాగ్ చూసి ఒక తప్పు పట్టుకున్నాను. అంతే. ఒక్కటంటే ఒక్కటి."

"మొన్న మూడన్నారండి," అన్నాడు వెంకన్న గిన్నె తోముతూ.

"ఒకటి కంప్యూటర్‌ది, రెండు ఆయనవి. నువ్వు టీ సంగతి చూడు. నిజం చెప్పాలంటే బాబూ, అప్పటికి నాకు గుర్రం ఎటు దూకుతుందో కూడా తెలీదు. కానీ అంకెలు తెలుసు కదా! ఇదిగో, ఈ వరస చూడు. పదకొండు పాయింట్ ఎనభై. దాని కింద పదమూడు పాయింట్ తొంభై. ఆ కింద పద్దెనిమిది. చూస్తే నీకేమనిపిస్తోంది? ఇక్కడ నీళ్ళు పదకొండు ముప్పావు అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, పదమూడు ముప్పావుకి రెండోది, పదిహేడు ముప్పావుకి మూడోది. నీళ్ళయినా చదరంగమైనా పొంగు పొంగే! అమలాపురంలోనూ ఇలాగే ఉంటే, ఎదుటివాడు మీదకొచ్చేస్తున్నాడు, రాజుని మెరక మీదకి ఎక్కించండి అన్నాను. ఎక్కించారు. గెలిచారు."

శశిభూషణ్ నోట్సు తెరిచి ‘మూడో హెచ్చరిక’ అని రాసుకున్నాడు. పాపం, వాడికి వేరే దిక్కు లేదు. ఫణిశ్రీ మాత్రం పెన్సిలు పట్టుకుని తన కాగితాలు తను చూసుకుంటోంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ అమలాపురం ఆయన ఇంక ఊరుకోడే! రెండు కాస్తా ఎనిమిది చేశాడు, ఎనిమిది పదహారు చేశాడు, చివరికి నా మాట మీద అరవై నాలుగు చేశాడు. గడికో కంప్యూటర్ అన్నమాట. తెల్ల గడులవి ముందు గదిలో, నల్ల గడులవి వెనక గదిలో. స్విచ్చి వేస్తే ముమ్మిడివరం దాకా లైట్లు మసకబారేవి. ఆ వేడికి పక్కింటావిడ ఒడియాలు మబ్బు రోజున కూడా పూటలో ఎండిపోయేవి, దాంతో వీధివీధంతా చాపలు పట్టుకుని ఆ గోడ పక్కన క్యూ కట్టారు. ఏ గడికి ప్రమాదం వస్తే ఆ కంప్యూటర్ మూలిగేది. నేను వాకిట్లో మడతకుర్చీలో కూర్చుని, ఆ మూలుగు విని చెప్పేవాణ్ణి. ‘ఎడమ పక్క గుర్రానికి నలతగా ఉంది, చూసుకోండి’ అని."

"గుర్రానికి నలతేంటండి?" ఫణిశ్రీ తలెత్తింది.

"నల్లగుర్రం కదమ్మా, వేడి పడదు. అలా ఉండగా, మన సంగతి తెలిసి రష్యా నుంచి ఒక ఛాంపియన్ దిగాడు. ఆయన పేరు మనకి నోరు తిరగదు, అందుకని బుల్లబ్బాయి గారూ అనేవాళ్ళం. పలికేవాడు పాపం. పూతరేకు చేతికిస్తే పైన కాగితం చుట్టారనుకుని రేకు ఒలిచి పారేసి లోపలి బెల్లం తిన్నాడు. తిని, ఆడదాం రండి అన్నాడు. మన అరవై నాలుగూ ఆలోచించడం మొదలెట్టాయి. ఒక్క ఎత్తుకి ఎంత లాగ్ అచ్చయిందనుకున్నావు? లారీడు! అంత కాగితం పరిచి చదవడానికి అమలాపురంలో జాగా ఏదీ? ఇక్కడికి తెప్పించాను. ఇదే బ్యారేజీ మీద, ఈ కొస నుంచి అవతలి కొస విజ్జేశ్వరం దాకా పరిపించాను. గాలికి ఎగిరిపోకుండా గజానికో కొబ్బరికాయ."

"ఎన్ని కాయలు పట్టాయండి?" అన్నాడు వెంకన్న.

"నాలుగు వేలు. మర్నాడు జిల్లా జిల్లా అంతా కొబ్బరి పచ్చడే, నువ్వు తిన్లేదూ? బస్సులాపేశారు. నేను సైకిలెక్కి, చదువుకుంటూ తొక్కాను. ర్యాలి దగ్గరికొచ్చేసరికి పదకొండు ముప్పావు. మద్దూరు దగ్గర పదమూడు ముప్పావు. విజ్జేశ్వరంలో కాలు కింద పెట్టేసరికి పదిహేడు ముప్పావు! నా అనుభవంలో ఏ లాగ్ చూసినా అంతే బాబూ, ఆ అంకె పెరగడమే గాని తగ్గడం ఒక్కసారి కూడా చూళ్ళేదు. ఇది రాసుకో, వైవాలో పనికొస్తుంది."

శశిభూషణ్ రాసుకున్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, వాడు వినడమే కాకుండా కింద గీత కూడా గీశాడు.

"తిరుగు దారిలో ఏం చేశానో తెలుసా? అదే కాగితం మీద వెనక్కి తొక్కుకుంటూ వచ్చాను. అటు చదివితే మన కంప్యూటర్ల ఆలోచన, ఇటు చదివితే ఎదుటివాడి ఆలోచన! బుల్లబ్బాయి గారు నలభయ్యో ఎత్తుకి ఏం వేద్దామనుకుంటున్నాడో ఉంది. మధ్యాహ్నం పులస తిందామా వద్దా అని ఊగిసలాడుతున్నాడని ఉంది. వాళ్ళావిడ కోసం దాచిపెట్టుకున్న ఉప్పాడ చీర రంగు కూడా ఉంది! వెళ్ళి ఆయన చెవిలో ‘నెమలి పింఛం రంగు’ అన్నాను. అంతే. ఇంకా ఒక్క బంటు కదల్లేదమ్మా, ఓడిపోయానంటూ రాజుని బోర్లా పడుకోబెట్టి రైలెక్కేశాడు. ఆ లాగ్‌లో చివరి గజం కాగితం నా దగ్గరే ఉంది. వచ్చే మూడేళ్ళలో గోదావరికి ఏ రోజు వరదొస్తుందో తారీకులతో సహా అందులో పడింది. నేను నీళ్ళ దగ్గరికి దిగి చూడ్డం ఉత్త మర్యాద కోసం."

"బాబాయి గారూ," అంది ఫణిశ్రీ. పెన్సిలు మొన కాగితం మీద ఆయన చూపించిన వరసకి ఆనించింది. "ఎవరు గెలుస్తున్నారో చెప్పే అంకె ఇది కాదండి. ఆ పక్క వరస. ఇది టైము. ఆలోచన మొదలెట్టి ఎన్ని సెకన్లయిందో వేస్తుంది."

"సెకన్లా?"

"అవునండి. అందుకే అది ఎప్పుడూ తగ్గదు. ఇంతసేపూ మీరు గడియారం చూసి వరదొచ్చిందన్నారు."

వెంకన్న నవ్వలేక నవ్వలేక బల్ల పట్టుకుని కిందకి కూలబడ్డాడు. లోవరాజు గారు ఆ వరసని మళ్ళీ పైనుంచి కిందికి చూసుకున్నారు. శశిభూషణ్ నవ్వలేదు. రాసుకున్నదంతా కొట్టేసి, చేతి గడియారం చూసుకున్నాడు. పది దాటింది. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అది చూసి లోవరాజు గారికి నిజంగానే సిగ్గేసింది.

"నా మాటల్లో పడి నీకు గంట పోయింది బాబూ," అన్నారు గొంతు తగ్గించి. "అసలు నీ ఇబ్బందేంటో నేను అడగనేలేదు. చెప్పు."

శశిభూషణ్ ఓపిక లేకపోయినా చెప్పాడు. ఒకే చోట ఆపి అడిగితే రెండు వేర్వేరు ఎత్తులు వస్తున్నాయని.

"నాలుగు కంప్యూటర్లూ రాసేది ఒకే పుస్తకంలోనా?"

"అలాంటిదేనండి. ఒకటి కనుక్కున్నది మిగతావాటికి కనిపిస్తుంది. అది చూసి, ఇంక వెతకక్కర్లేదనుకున్నవి వదిలేస్తాయి."

"మరి అందులో వింతేముంది? బ్యారేజీ నాలుగు ముక్కలు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. నాలుగు చోట్లా నలుగురం చూసి వైర్‌లెస్‌లో చెప్తాం. రిజిస్టరు ఒకటే, ఎవరిది ముందొస్తే వాళ్ళది ముందు పడుతుంది. ర్యాలి నుంచి పెద్ద అంకె ముందొస్తే, మద్దూరు వాణ్ణి మళ్ళీ దిగి చూడమంటారు. విజ్జేశ్వరం నుంచి చిన్న అంకె ముందొస్తే, ఎవరూ దిగక్కర్లేదంటారు. నీళ్ళు అవే, మనుషులూ వాళ్ళే. ఎవరు ముందు పలికారన్న దాన్ని బట్టి ఆ తర్వాత పని మారిపోతుంది. నీ మెషీను సంగతి నాకు తెలీదు బాబూ. మా దగ్గర మాత్రం ఇంతే."

ఫణిశ్రీ పెన్సిలు ఆగిపోయింది. రెండు లాగ్ కాగితాల్నీ పక్కపక్కన పెట్టి గబగబా కిందికి చూసుకుంటూ పోయింది.

"శశీ, ఇక్కడ చూడు. మొదటిదాంట్లో ముందు రాసింది ఒకటో కంప్యూటర్. రెండోదాంట్లో మూడోది ముందు రాసేసింది. అది చూసి మిగతావి గుర్రం జోలికే వెళ్ళలేదు!"

శశిభూషణ్ రెండు కాగితాలూ లాక్కుని చూశాడు. మొహం విప్పారింది. ఒక్క ఉదుటున లేచి బైకు తాళం వెతుక్కోవడం మొదలెట్టాడు. ఫణిశ్రీ కాగితాలు సర్దుకుంటూ లోవరాజు గారి వైపు తిరిగింది.

"గంట నుంచి మీరు చెప్పినవాటిల్లో నిజం ఇదొక్కటేనండి బాబాయి గారూ. మాకు కావలసిందీ ఇదే. ఇది ముందే చెప్పొచ్చు కదండీ!"

లోవరాజు గారు ఆశ్చర్యంగా చూశారు.

"అది నా డ్యూటీ కదమ్మా," అన్నారు. "ముప్పయ్యేళ్ళ నుంచి చేస్తున్నాను. అదెలా చేస్తారండీ అని ఒక్కరైనా అడిగారా?"