ఆదివారానికి పావు తిప్పు

అది 1966 జూలై పదో తారీఖు, ఆదివారం, సాయంత్రం ఐదూ ఇరవై. ప్రార్థనకు ఇంకా ఎంత వేళ ఉందోనని నేను అప్పుడే గోడ గడియారం వైపు చూశాను కాబట్టి గుర్తుంది. వాన వెలిసి అరగంటయింది. నాచారంలో మా ఇంటి అరుగు మీద మా చిన్నాయన జ్ఞానయ్య గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. ఆయన పక్కన శాంతయ్య మామ, మిల్లులో పని, మా వెనకింటివాడు. ఎదురుగా కుర్చీలో అచ్యుతరావు గారు. ఉప్పల్ రోడ్డు మీద సర్కారు ఆఫీసులో భూమి కొలతలు చూసే మనిషి, గుంటూరు వైపు నుంచి వచ్చినవారు. ఆయన కుర్చీ పట్టుకుని పదేళ్ళ కూతురు తారామణి నిలబడి ఉంది. ఆ పిల్ల పై వరుసలో ఒక పన్ను లోపలికి పోయి ఉండేది. ఆవేళ ఆయన వచ్చింది ఆ పన్ను కోసమే.

మా నాన్న పోయాక అమ్మనూ, నన్నూ, చెల్లెలు విక్టోరియానూ సాకింది చిన్నాయనే. పెళ్ళి చేసుకోలేదు. కోఠిలో జనార్ధనరావు గారనే పళ్ళ డాక్టరు దగ్గర మెకానిక్ ఉద్యోగం. వంకర పళ్ళను దారికి తెచ్చే తీగలు, అంగిలికి అంటుకునే గులాబీ రంగు ప్లేట్లు, కట్టుడు పళ్ళు, అన్నీ డాక్టరు రాసిచ్చిన కొలతకు ఆయనే తయారుచేసేవాడు. చేతికి మంచి పేరుండేది. నోటికి ఇంకా పెద్ద పేరు. రోగుల పళ్ళ అచ్చులు, పని అయిపోయాక డాక్టరు పారేసేవి, తెల్లటి సుద్ద దవడలు, తెచ్చి మా కిటికీలో వరుసగా నిలబెట్టేవాడు. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆ నవ్వులు చూసి, ఇక్కడే దవాఖానా ఉందనుకునేవాళ్ళు. ఆయన కాదనేవాడు కాదు.

"నేను పెద్దగ చెప్పుకునేటోణ్ణి కాను, మీకు ఎరుకే గద," అని మొదలుపెట్టాడు.

"ఎరుకే బావా, చెప్పు," అన్నాడు శాంతయ్య మామ, బీడీ ముట్టించుకుంటూ.

"ఒక బ్యాంకు గుమస్తా వచ్చిండు. ముంగటి పన్ను పక్క పన్ను మీదికెక్కి కూసున్నది, బస్సుల సీటు దొరకనోని లెక్క. డాక్టర్ సాబ్ సూసిండు, రెండేండ్లు పడ్తది, నెలకోపారి రావాలె, కార్డు మీద తారీఖు ఏపిచ్చుకోవాలె అన్నడు. నేనన్న, సాబ్, జర ఆ తీగ నాకియ్యిన్రి. ఎంటిక మందం స్టీలు తీగ, ఒక సుట్టు సుట్టి, ఒక కొక్కెం బెట్టి తొడిగిన. ఎన్మిది దినాలు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? పన్ను దిగొచ్చి దాని జాగల అది కూసున్నది. సాబ్ కుర్చీలకెల్లి లేసి నాకు సలాం కొట్టిండు."

"ఎనిమిది రోజులేనా అండీ?" అన్నారు అచ్యుతరావు గారు. ఆయన అంకె ఏదైనా ఇంకోసారి అడిగి రూఢి చేసుకునే మనిషి.

"ఆదివారం కలుపుకుంటే ఎన్మిది సార్. గదేం పెద్ద ముచ్చట, నారపల్లిల ఒక పెండ్లి. పిలగాని పండ్లు పెదిమల మీదికొచ్చినయి, పిల్ల తరపోళ్ళు సూసి లేసిపోతున్నరు. నన్ను జీపేసుకొని తీస్కపోయిన్రు. నేను పోయేటాలకు బాజాలు మోగుతున్నయి. తీగ లేదు. ఏం జేస్త? బ్యాండోని క్లారినెట్టు మీట కింది తీగ పీకి పిలగాని పండ్లకు జుట్టిన. వాళ్ళు పాట పాడి, పాదిరి వాక్యం జదివి, 'ఈమెను భార్యగా స్వీకరిస్తున్నావా' అని అడిగేటాలకు, పిలగాడు నోరు దెరిచి 'స్వీకరిస్తున్న' అన్నడు సూడు, పండ్లు తట్టల బేర్చిన మల్లెమొగ్గలే!"

"మరి క్లారినెట్టు?" అన్నాడు శాంతయ్య మామ.

"మోగుతనే ఉన్నది. నా చేతికి తగిలిన తీగ గద, మునుపటి కంటె మంచిగ మోగింది."

తారామణి పకపకా నవ్వి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గుమ్మం లోపల చేటలో బియ్యం ఏరుతున్న నేను ఆ చెయ్యిని చూశాను. మా ఇంట్లో అటువంటి చెయ్యి ఇంకొకటి ఉండేది.

ఈ సంగతి ఇక్కడే రాయాలి. విక్టోరియాకు కూడా ఒక పన్ను అలాగే లోపలికి ఉండేది. 1964లో దానికి పదిహేనేళ్ళు. గుడిలో ఈస్టరు ఆరాధనకు మొదటి వరుసలో నిలబడి ఒంటరిగా ఒక కీర్తన పాడడానికి దాన్ని ఎంచారు. చిన్నాయనకు భూమి మీద కాళ్ళు నిలవలేదు. డాక్టరు గారిని బతిమాలి దానికి ప్లేటు రాయించి, తన చేతుల్తో చేశాడు. మధ్యలో చిన్న మర, దాన్ని తిప్పడానికి తాళంచెవి లాంటి ఒక పుల్ల. తిప్పితే మర జరిగి పన్నును ముందుకు తోస్తుంది. గుర్తుండడానికని డాక్టరు గారు, "మీరు ఆదివారం ఆరాధనకు పోయొస్తారు కదా, రాగానే పావు తిప్పు, వారానికి అంతే," అని చెప్పారు. మా ఇంట్లో ఆరాధన ప్రతి సాయంత్రమూ ఉండేది. ఈస్టరు ఇంకా నెల రోజులే ఉంది. ఆదివారపు ప్రార్థనకు ఒక తిప్పు పనిచేస్తే రోజువారీ ప్రార్థనకూ పనిచేయదా అనుకున్నాడు చిన్నాయన. ఆమెన్ అనగానే, "నోరు తెరువు బిడ్డా," అనేవాడు. నొప్పి అంటే, "నొప్పి ఐతుందంటే కదులుతున్నట్టే," అనేవాడు. మేమంతా చుట్టూ మోకాళ్ళ మీదే ఉండేవాళ్ళం. నేనూ ఆపలేదు.

ఈస్టరుకు విక్టోరియా పాడలేదు. ఆ తర్వాత కూడా పాడలేదు. గుడిలో చివరి వరుసలో, ఓణీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడేది. చిన్నాయన కట్టుడు పళ్ళు చేయడంలో ఘటికుడు. ఒక్క పన్ను ఆయనకు ఒక పూట పని. కానీ పన్ను పెడతానని అనాలంటే ముందు పోయిందని అనాలి. ఆ మాట ఆయన నోట రాలేదు. ఆయన ఈ కథలు ఇంత పెద్దగా చెప్పడం మొదలుపెట్టింది ఆ ఏడు నుంచే.

అరుగు మీద కథ అప్పటికి ఏనుగు దాకా వెళ్ళింది.

"నవాబు సాబ్ ఏనుగు. దంతాలు రెండూ రెండు దిక్కులకు, ఒకటి ఉప్పల్ జూపిస్తది, ఒకటి సికింద్రాబాద్ జూపిస్తది. హబ్సిగూడ కాడ తెగిపడ్డ కరెంటు తీగ తెచ్చి కట్టిన. రబ్బర్లు? లారీ ట్యూబులు కోసిన. తాళంచెవి బండి ఇరుసంత. రోజుకో తిప్పు, రోజుకో తిప్పు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? దంతాలు గంత దగ్గరికొచ్చినయంటే, ఆ ఏనుగు వాటితోని సూదిల దారం ఎక్కిచ్చేది!"

"కుట్టిందా ఏమన్న?" అన్నాడు మామ.

"బేగం సాబ్‌కు రెండు రవికెలు గుట్టింది. ఇంకా ఇనున్రి. ఉప్పల్‌కెల్లి నారపల్లికి పొయ్యే సడక్ మునుపు ఎంత వంకరుండె? బస్సుల ముసలోళ్ళు అటొకరు ఇటొకరు పడుతుండె. ఉప్పల్ మైలురాయికి ఒక కొక్కెం, నారపల్లి మైలురాయికి ఒక కొక్కెం, నడుమ తీగ. రోజూ ప్రార్థన అయినంక పోయి తిప్పొస్తుంటి. ఇప్పుడు బస్సు పదకొండు నిమిషాలు ముందు వస్తలేదా?"

"మా ఆఫీసు మ్యాపులో ఇంకా వంకరగానే ఉందండీ," అన్నారు అచ్యుతరావు గారు, నవ్వు ఆపుకుంటూ.

"మ్యాపు పాతది సార్."

అందరూ నవ్వారు. తలుపు చాటు నుంచి అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వులోనే అచ్యుతరావు గారు కూతురి తల నిమిరి, మెల్లగా అన్నారు. "ఏనుగులూ రోడ్లూ వదిలేయండి జ్ఞానయ్య గారూ. నిజం ఒక్కటి చెప్పండి. మా తారను డాక్టరు గారికి చూపించాం. రెండేళ్ళు అంటున్నారు. బళ్ళో పిల్లలు ఏడిపిస్తున్నారని ఇది రోజూ ఏడుస్తుంది. మీరు ఇంట్లోనే త్వరగా చేయగలరా? మీ ఇంటి పిల్లకు చేశారటగా?"

చిన్నాయన నవ్వు ఆగిపోయింది. కాదనడానికి అదే సమయం. ఆయన పెదవులు కదిలాయి కూడా. శాంతయ్య మామ వైపు చూశాడు, కిటికీలోని సుద్ద దవడల వైపు చూశాడు.

"చేసిన సార్," అన్నాడు. "మా విక్టోరియాకు. నలభై దినాలల్ల. ముత్యాల లెక్క వచ్చినయి." చెయ్యి తనంతట తానే చొక్కా జేబులోకి పోయి ఆ చిన్న పుల్లను తీసింది. రెండేళ్ళుగా జేబులోనే ఉందని నాకు అప్పుడే తెలిసింది. "గిదే తాళంచెవి. రేపు పొద్దుగాల పిల్లను తీస్కరాండ్రి."

తారామణి దాన్ని చూసి కళ్ళు పెద్దవి చేసింది. "తొందరగా అవుతుందా తాతగారూ?"

అప్పుడు విక్టోరియా చాయ్ గ్లాసుల పళ్ళెం పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. నన్ను దాటి అరుగు మీదికి వెళ్ళి, పళ్ళెం దించి, తారామణి ముందు గొంతుక్కూర్చుంది. ఓణీ కొంగు నోటి మీంచి తీసి నడుముకు దోపుకుంది. పిల్ల ముఖంలోకి చూసి నోరు తెరిచి నవ్వింది. ముందు పళ్ళ మధ్య ఖాళీ కనిపించింది.

"నలభై దినాలు కాదు చిన్నాయనా," అంది. గొంతులో కోపం లేదు. "పంతొమ్మిదో దినం కదిలింది. ఇరవయ్యారో దినం అన్నం ముద్దల వచ్చింది."

శాంతయ్య మామ బీడీ ఆర్పేశాడు.

"రోజూ తిప్పినం తారా. వారానికి ఒక్కపారి తిప్పమన్నరు డాక్టరు. నువ్వు రెండేండ్లు ఓపిక పట్టు. ఏడిపిచ్చేటోళ్ళు ఏడిపిస్తరు. పన్నయితే ఉంటది."

అచ్యుతరావు గారు లేచారు. "వస్తానమ్మా," అని విక్టోరియాకు మాత్రం చెప్పి, పిల్ల చెయ్యి పట్టుకుని తడి వీధిలోకి దిగారు. చాయ్ అలాగే ఉండిపోయింది. చిన్నాయన పుల్లను గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాడు.

రోజూ చిన్నాయన చేసే ప్రార్థన ఆ సాయంత్రం అమ్మ చేసింది.

తెల్లవారి సోమవారం. మేము లేచేసరికి కిటికీ ఖాళీగా ఉంది. సుద్ద దవడలన్నీ గోనెసంచిలో మూలకు చేరాయి. చిన్నాయన అప్పటికే అచ్యుతరావు గారి ఇంటికి వెళ్ళి, "పిల్లను డాక్టర్ కాడికే తీస్కపోన్రి, ఆదివారానికి పావు తిప్పే," అని చెప్పి వచ్చాడట. అమ్మను వేడినీళ్ళు అడిగాడు. తన పెట్టెలోంచి ఎర్రటి మైనపు బిళ్ళ తీసి నీళ్ళలో వేశాడు. కట్టుడు పన్నుకు అచ్చు తీసే బిళ్ళ అది. మెత్తబడ్డాక ముద్దచేసి, విక్టోరియాను వెలుతురు వైపు తిప్పి పీట మీద కూర్చోబెట్టి, ఆయన నేల మీద మోకాళ్ళూనాడు. అమ్మ గిన్నె పట్టుకుంది. నేను వెనక నుంచి చెల్లెలి తల పట్టుకున్నాను.

ముద్దను ముందు తన ముంజేతికి తాకించి వేడి చూసుకున్నాడు.

"నొప్పైతే చెయ్యి లేపు బిడ్డా," అన్నాడు. "ఆపేస్త."

విక్టోరియా నోరు తెరిచింది. ముద్ద గట్టిపడేదాకా కదలకూడదు కాబట్టి అమ్మ ఉదయ కీర్తన ఒక్కతే అందుకుంది, నేను కలిశాను. పాట అయ్యేదాకా చిన్నాయన విక్టోరియా చెయ్యి వంకే చూస్తూ ఉన్నాడు. రెండేళ్ళు నోటికి అడ్డం ఉన్న ఆ చెయ్యి లేవలేదు. ఒళ్ళోనే ఉంది.