చదివి వినిపించినవారు

బీదర్ కోర్టు గేటుకు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో, పేషీకని పొద్దున్నే ఔరాద్ నుంచి బస్సెక్కి వచ్చిన సారమ్మను ఆమె తమ్ముడి కూతురు ప్రేమల చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ప్రేమల లా చివరి సంవత్సరంలో ఉంది. అత్త కేసు చూసే వకీలు దగ్గరే రెండేళ్లుగా పని నేర్చుకుంటోంది.

“చెయ్యి ఇడువు. పదకొండయింది, లోపల పిలుస్తరు.”

“పిలువరు అత్తమ్మా.”

“పిలువరంటే? పోయిన నెల వకీల్ సాబే చెప్పిండు గదా, ఇరవై రెండుకు రమ్మని. ఆయనకు జొన్నరొట్టెలు గూడ తెచ్చిన. చూడు, ఇంక మెత్తగనే ఉన్నయి.”

“రొట్టెలు పక్కకు పెట్టు. నిన్న మా కాలేజీల, కోర్టు కేసులు ఫోన్ల ఎట్ల ఎతకాల్నో నేర్పిచ్చిండ్రు. తలా ఒక నిజం కేసు నంబరు కొట్టుండ్రి అన్నరు. నేను నీది కొట్టిన.”

“మంచి పని చేసినవ్. నా కంది చేను కేసు వచ్చిందా అండ్ల?”

“వచ్చింది.”

“మరి మొఖం గట్ల పెట్టినవేందే?”

“కేసు అయిపోయింది అత్తమ్మా. రెండేండ్ల కిందనే.”

“నీ ఫోను పాడుగాను! నెల నెల వస్తున్న గదనే నేను? నెల నెల సాబ్ కొత్త తారీఖు చెప్తనే ఉన్నడు గదా?”

“అవన్ని ఉత్త తారీఖులు. అప్పీలుకు టైము దాటాలె, అందాక నీకు తెల్వొద్దు. అందుకే తిప్పిండు.”

“సంగమేష్ సాబా? నన్ను అమ్మా అని పిలిచేటోడా?”

“ఆయన్నే.”

“నా రొట్టెలు తిని నా గొంతు కోసిండా? ఎవరికోసమే?”

“నీ మరిది బర్నబా కోసం. నువ్వే కేసు వాపసు తీసుకున్నట్టు కాయిదం ఉన్నది. కింద నీ ఏలిముద్ర.”

“నేనెప్పుడు పెట్టిన... ఆగు. ఆగాగు. కాయిదాలన్ని ఇగ కంప్యూటర్ల ఎక్కుతయి, మళ్ల ముద్ర కావాలె అన్నడు సూడు, ఆ దినమా?”

“ఆ దినమే.”

“నువ్వు గూడ ఉంటివి గదా! కొత్తగ చేరినవ్ అప్పుడు. బైటికొచ్చినంక నాకు జిలేబీ తినిపిచ్చినవ్. ఏం సంబురమే అంటే నవ్వినవ్, చెప్పలే.”

“ఊఁ.”

“నాకా, అక్షరం ముక్క రాదు. అండ్ల కన్నడం. ఎవరన్న చదివి చెప్పాలె గదా?”

“చెప్పినట్టే రాసున్నది. సారమ్మకు తెలుగుల చదివి వినిపిచ్చిన, అర్థమైందన్నది, అని. కింద ఒక సంతకం.”

“అబద్ధం! ప్రభువు సాక్షి, ఒక్క మాట ఎవ్వరు చదవలే!”

“తెల్సు అత్తమ్మా.”

“ఉన్నదే రెండెకరాలు. మీ మామ సమాధి ఆ గట్టు మీదనే ఉన్నది. రెండు పూలు పెట్టనీకె గూడ బర్నబా రానిస్తలేడు. ఇగ అంతేనా? పోయినట్టేనా?”

“ఒక్క తొవ్వ ఉన్నది. ఆ సంతకం పెట్టిన మనిషి జడ్జి ముంగట నిలబడాలె. చదవలేదు, అబద్ధం రాసిన అని ఒప్పుకోవాలె. అప్పుడు మళ్ల కేసు తెరిపియ్యొచ్చు.”

“ఒప్పుకుంటడా?”

“ఒప్పుకుంటే ఆ మనిషికి ఇగ నల్లకోటు దక్కదు.”

“దక్కకుంటే పీడ పాయె! ముసలిదాని చేను మింగినోనికి కోటెందుకు?”

“‘నీ పేరు కోర్టు కాయిదంల ఎక్కుతది’ అని సాబ్ ఆ మనిషిని ఉబ్బిచ్చిండు. చదవకుంటనే సంతకం పెట్టుడాయె.”

“ఉబ్బిస్తే? ఉబ్బిస్తే ఒకరి చేను రాసిస్తరా? ఎవడాడు? సాబ్ కాడి గుమస్తానా? కాయిదంల పేరుంటది గదా?”

“ఉన్నది.”

“చదువు. ఈసారన్న నాకు చదివి ఇనిపియ్యి.”

“అత్తమ్మా...”

“నువ్వెందుకే ఏడుస్తవ్? చదువు!”

“చదివి వినిపించినవారు: కె. ప్రేమల, ఎల్ఎల్‌బీ, మొదటి సంవత్సరం.”