ఆరో నంబరు రూము టైంపీసు

హిందూపురం బస్టాండు వెనక వీధిలో లక్ష్మీనరసయ్య లాడ్జి అంటే తెలియనివాళ్ళు లేరు. పద్దెనిమిది రూములు, రూముకొక కీ ఇచ్చే టైంపీసు. లక్ష్మీనరసయ్య పోయి రెండేళ్ళయింది. కొడుకు శివప్రసాద్ బెంగళూరు ఉద్యోగం మానుకుని వచ్చి గల్లాపెట్టె ముందు కూర్చున్నాడు. రాగానే గోడలకు రంగులు వేయించాడు, మంచాలు మార్చాడు, ప్రతి మంచం పక్కనా ఫోను చార్జింగుకు ప్లగ్గు బిగించాడు. మిగిలింది టైంపీసులే. జేబులో ఫోనున్నవాడికి తలాపున గడియారం ఎందుకని అతని వాదం. పైగా ఈ మధ్య వచ్చే కుర్రవాళ్ళు, ఆ టిక్కుటిక్కుకు నిద్ర పట్టడం లేదని దాన్ని తువ్వాలులో చుట్టి బాత్రూములో పెడుతున్నారు.

అయినా వారం రోజులుగా అతనికి చెయ్యి ఆడలేదు. కారణం తల్లి పుష్పావతి. అవి తండ్రి ముచ్చటపడి కొన్న గడియారాలు. తీసేస్తానంటే ఆమె ఏమంటుందోనని భయం. చివరికి ఆ రోజు పొద్దున, గుండె దిటవు చేసుకుని, అన్నింటినీ ఏరి అట్టపెట్టెలో వేసి వరండాలో పెట్టాడు. పాత సామాన్ల బండివాడికి కబురు కూడా పంపాడు. పుష్పావతి పెట్టెకేసి ఒకసారి చూసింది. మూలన పీట వేసుకుని, చేటలో అనపకాయలు పోసుకుని ఒలవడం మొదలుపెట్టింది. ఆమె నాలుగు తిట్టి ఉంటే శివప్రసాద్‌కు ప్రాణం కుదుటపడేది.

సరిగ్గా అప్పుడే ఆరో నంబరు రూములోంచి మార్కండేయులు బయటికి వచ్చాడు. ధర్మవరం పట్టుచీరల బ్రోకరు. ఎప్పుడు వచ్చినా ఈ లాడ్జే, ఈ రూమే. అతను ఎక్కడ దిగితే ధర్మవరం వ్యాపారులు అక్కడే దిగుతారు, అందుకే అతనంటే శివప్రసాద్‌కు కొంచెం భయమూ భక్తీ. ఇక నోటి సంగతంటారా, మార్కండేయులు చెప్పినదాంట్లో సగం తీసేసి, మిగిలిన సగాన్ని నమ్మకుండా ఉంటే సరిపోతుందని ధర్మవరంలో అంటారు.

"ఏమప్పా శివా, స్నానం చేసొచ్చి చూస్తే నా తలాపున టైంపీసు ల్యా. యాడికి పాయ?"

"తీసేసినా అన్నా. ఇప్పుడు అందరికీ ఫోన్లు ఉండాయి కదా."

మార్కండేయులు అట్టపెట్టెలో చెయ్యి పెట్టి కలబెట్టి, నెత్తి మీద ఎర్రరంగు గీత ఉన్న టైంపీసును పైకి తీశాడు. ధోవతి అంచుతో తుడిచాడు. బెంచీ మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇది ల్యాకుంటే నేను ఈ లాడ్జిలో పండుకునేదే ల్యా. నేనే కాదు, ధర్మవరమోళ్ళు ఒగరు గూడా ఈ గడప తొక్కరు. మాటంటే మాట."

శివప్రసాద్‌కు నెలలో సగం రోజులు సగం రూములు నిండేది వాళ్ళతోనే. ఒకవైపు మాటాడని తల్లి, ఇంకోవైపు ఆగకుండా మాటాడే ఈయన. మధ్యలో అట్టపెట్టె.

వరండాను ఆనుకునే వెంకటేశులు టీ బంకు. అతను గ్లాసులు అందిస్తూ, "గడియారానికి అంత ఇదేముండాదన్నా?" అన్నాడు. అడక్కూడని మాట అడిగానని అతనికి వెంటనే తెలిసింది గానీ, అప్పటికే మార్కండేయులు కాలు మీద కాలు వేసుకున్నాడు.

"చెప్తా విను. పెనుకొండలో ఒగ పెండ్లి. ముహూర్తం చీర మన చేతి మీదే పోయింది. దానికి కుచ్చులు కట్టిచ్చేదానికి ఈడికి తెస్తి. సాయంత్రానికి ఇస్తామన్నోళ్ళు రాత్రి దాకా లాగిరి. ముహూర్తమేమో తెల్లారక ముందు, పొద్దు పొడిస్తే దాటిపోతాది. ఆ చీర చేరకుంటే పిల్ల పీటల మీద కూర్చోదు. తొలి బస్సుకు పోదామని, లేపమని పుష్పక్కకు ఒగ మాట చెప్పి, ఇదో, దీనికీ కీ ఇచ్చి పండుకుంటి. అది మోగె, నేను లేస్తి. లైటేసి నెత్తిన మీట నొక్కితే గానీ నోరు మూయల్యా."

"అంతేనా?" అన్నాడు రాఘవేంద్ర. గోరంట్ల నుంచి చింతపండు తెచ్చి మార్కెట్ యార్డులో అమ్ముకుని, మొన్నటి నుంచి పన్నెండో నంబరులో ఉంటున్న రైతు. "నిన్న నాకూ బాగానే మోగె. నేనూ లైటేసి నొక్కితే ఆగె."

ఆ 'అంతేనా' మార్కండేయులుకు ఎక్కడో తగిలింది. టీ ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"నీకు మోగింది మోగడమా రాఘవేంద్రా? నాకు మోగినప్పుడు లాడ్జి లాడ్జంతా లేసె. పద్దెనిమిది రూముల్లో లైట్లు ఒగేసారి వెలిగె. నేను చీర సంచిలో పెట్టుకొని, ఎందుకైనా మంచిదని దీన్నీ అందులోనే వేసుకొని బస్టాండుకు పోతి. ఆడ డ్రైవరు సీట్లో గుర్రు పెడతాండాడు, కండక్టరు టాపు మీద పండుకోనుండాడు. బస్సు కదిలేదెప్పుడు, నేను చేరేదెప్పుడు? ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మోగిందా?"

"సంచిలో నుంచి మోగె. డ్రైవరు కండ్లు తెరవకనే గేరు వేసె. కండక్టరు టాపు మీద నుంచే రైటు రైటనె. అది చూసి పక్కన చెడిపోయి నిలబడిండే బస్సు, డిపో వాళ్ళు నెల నుంచి తోస్తాండినా కదలనిది, అది గూడా మా వెనకే నాలుగడుగులు వచ్చె పాపం."

వెంకటేశులు పాలు పొంగుతున్నాయని అటు తిరిగాడు. అతని భుజాలు కదులుతున్నాయి. శివప్రసాద్ నవ్వలేదు. అతని చూపంతా తల్లి చేతుల మీద ఉంది. ఆమె కాయ తర్వాత కాయ ఒలుస్తోంది, తలెత్తడం లేదు.

"దావలో ఊర్లన్నీ లేస్తాండాయి. కోళ్ళకు రోషమొచ్చె. మా పని ఇంకెవడో చేస్తాండాడే అని బస్సు వెంట పడె. వెనక అద్దంలో చూస్తే రోడ్డంతా కోళ్ళే. సరే, పెనుకొండ ఇంగ రెండడుగులుందనంగా రైలు గేటు పడె. గూడ్సు బండి, దానికి మొదలుందో తుద ఉందో దేవుడికే తెలియాల. ఆడ నిలబడితే ముహూర్తం పాయ. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"గేటు లేసింటాది," అన్నాడు రాఘవేంద్ర.

"గేటు లేస్తే గొప్పేముండాది? రైలు ఆగె. ఇది మోగిన మోతకు డ్రైవరు బెదిరిపోయి, తెల్లారిపోయిందేమో, తనకు డ్యూటీ అయిపోయిందేమో అనుకొని బండి నిలిపి దిగి ముఖం కడుక్కుంటాండాడు. డబ్బా డబ్బాకు మధ్య సందు చేసి మా బస్సును పంపిరి. గార్డు ఎర్రజెండా ఆకుపచ్చజెండా రెండూ ఊపి దండం పెట్టె."

"రైలు మధ్యలో బస్సు ఎట్ల పోతాదన్నా?"

"కొంచెం ఒదిగి పాయలే. పెండ్లింటికాడ దిగితి. చీర ఇస్తి. పిల్ల లోపలికి పోయి కట్టుకుంటాంది. పట్టుచీర, దుప్పటి చుట్టుకున్నట్ల చుట్టుకుంటే అయితాదా, మడతలు పెట్టాల, పిన్నులు గుచ్చాల. ఈ లోపల చూస్తే కొండ వెనక ఎరుపు. పొద్దు అంచు కనపడ్తాండాది. అయ్యవారు పంచాంగం మూసేసి, ఇంగ నా చేతిలో ఏమీ ల్యా అనె. పిల్ల నాయన కూలబడె. అప్పుడు నేను, ఇదో, ఈ చేత్తో ఈ టైంపీసును తీసి, వెనక రేకు ఊడబెరికి, చిన్న ముల్లు మీద ఈ బొటనవేలు పెట్టి అదిమితి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

వెంకటేశులు స్టవ్ తగ్గించాడు.

"పొద్దు ఆగె. పెనుకొండ కొండ వెనకాల, గట్టు ఎక్కలేని ఎద్దు మాదిరి ఆడనే నిలబడె. చెన్నేకొత్తపల్లిలో జనం చెంబులు పట్టుకొని, ఇదేమి ఇంకా తెల్లారదే అని నిలబడి నిలబడి మళ్ళ పోయి పండుకుండ్రి. ధర్మవరంలో మా మగ్గాలోళ్ళు పోగు కనపడక లబోదిబోమనిరి. నేను వేలు తీయల్యా. పిల్ల నిమ్మళంగా మడతలు పెట్టుకొని, పూలు పెట్టుకొని, అద్దంలో చూసుకొని, మళ్ళ ఒగ తూరి చూసుకొని వచ్చె. తాళి పడె. అక్షింతలు పడె. అప్పుడు తీస్తి వేలు. పొద్దు ఎగిరొచ్చి నడినెత్తిన కూర్చునె. ఆ దినం ఎవరికీ పొద్దున అనేదే ల్యా. చూడండి, వేలి మీద మచ్చ ఇంకా ఉండాది. పొద్దును ఆపితే కాలకుండా ఉంటాదా?"

అతను బొటనవేలు చూపించాడు. నిజంగానే మచ్చ ఉంది. బీడీ మచ్చ అని అందరికీ తెలుసు.

"ఇప్పుడు చెప్పు శివా. ఇట్లాంటి గడియారాన్ని పాత ఇనుము కింద ఇస్తావా? ఫోను ఆపుతాదా పొద్దును?"

శివప్రసాద్‌కు నవ్వాలో, పెట్టెను మళ్ళీ లోపలికి మోయాలో తెలియలేదు. కోతలే, తెలుసు. కానీ ఆ మనిషి అలిగి పోతే వచ్చే నష్టం కోత కాదు. అలాగేలే అన్నా, ఉంచుతానులే అని నోటిదాకా వచ్చింది.

"మార్కండేయులూ," అంది పుష్పావతి, చేట మీంచి తల ఎత్తకుండానే. "చేతిలోనే ఉండాది కదా. ఒగ తూరి మోగించు, విందాం."

"దానికేమక్కా," అని అతను కీ తిప్పాడు, అలారం ముల్లును తెచ్చి చిన్న ముల్లు మీద పెట్టాడు, చేయి చాపి టైంపీసును అందరి ముందుకు పట్టాడు. లోపల ఎక్కడో టక్కుమంది. అంతే. అతను దాన్ని ఊపాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు, మళ్ళీ తిప్పాడు. మళ్ళీ టక్కుమంది.

"పెట్టెలో వేసినప్పుడు దెబ్బ తినింటాది," అన్నాడు.

"ఇంకోటి తీసుకో. ఏదైనా తీసుకో."

రాఘవేంద్ర ఒకటి తీశాడు. వెంకటేశులు చేతులు తుడుచుకుని ఇంకొకటి తీశాడు. శివప్రసాద్ కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి తిప్పాడు. అన్నీ టక్కుమన్నాయి. ఒక్కటీ మోగలేదు.

"మోగవు," అంది పుష్పావతి. "నువ్వు ఈ లాడ్జి ముఖం చూడక ముందే మా ఆయన అన్నిటికీ లోపల సుత్తి పీకించినాడు. ఒగరి అలారానికి పక్క రూములోళ్ళంతా లేసి కొట్లాటకు వచ్చేది. పెట్టుకున్నోడేమో మీట నొక్కి మళ్ళ పండుకొని, బస్సు తప్పిపోయి, మమ్మల్ని తిట్టేది. అందుకని పీకించినాడు. రాత్రి గల్లా కాడ కూర్చునేది నేనే కదా, నాకు చెప్పి పండుకుంటారు, ఎవరు ఎన్నింటికి లేయాలనేది. ఆ వేళకు నేనొచ్చి తాళాల గుత్తితో తలాపున ఉండే కిటికీ ఊచల మీద కొడతా. లైటు వెలిగేదాకా కొడతా. వెలిగితే పక్క రూముకు పోతా."

రాఘవేంద్ర చేతిలోని టైంపీసును మెల్లగా బెంచీ మీద పెట్టాడు. "అంటే అమ్మా, నేను నొక్కితే ఆగింది…"

"నువ్వు లైటేసినావని నేను ఆపితి."

"మరి చెప్పచ్చు కదమ్మా, ఎవరికైనా."

"మనిషి లేపిందంటే నిద్ర చెడగొట్టిందంటారు, గడియారం లేపిందంటే లాడ్జికి పేరు వస్తాదని ఆయన మాట."

శివప్రసాద్‌కు ముఖం ఎత్తబుద్ధి కాలేదు. తెల్లవారుజామున పై అంతస్తులో పడుకుని ఆ గణగణ అతనూ వింటూనే ఉన్నాడు, రెండేళ్ళుగా. గడియారాల గోల, వీటిని తొందరగా వదిలించుకోవాలి అనుకుంటూ దుప్పటి నెత్తి మీదికి లాక్కునేవాడు. తల్లి తన కన్నా ముందు ఎందుకు లేస్తుందో ఒక్కరోజూ అడగలేదు.

"అమ్మా, ఇవి నాయన కొన్నవని, తీసేస్తే నీకు కష్టంగా ఉంటాదని…"

"కష్టమేముండాది? వారం నుంచి ఎప్పుడు తీస్తావా అని చూస్తాండా." పుష్పావతి మొదటిసారి తల ఎత్తింది. "పోయేటప్పుడు ప్రతివాడూ గల్లా కాడ నిలబడి, మీ గడియారం భలే గడియారమమ్మా అని పోతాడు. చలిలో వరండా పొడుగునా తిరిగేది నేను, పేరు దానికి. ఇయ్యి నాయనా, బండాయనకు ఇచ్చేయి."

వీధి మలుపులో పాత సామాన్ల బండి గంట వినిపించింది. అది మాత్రం బాగా మోగింది.

మార్కండేయులు ఎర్రగీత టైంపీసును ఇంకోసారి ధోవతి అంచుతో తుడిచి, పెట్టెలో వేశాడు. చల్లారిన టీని గొంతులో పోసుకున్నాడు. రాఘవేంద్ర ఊరుకోకుండా, "ఇది ల్యాకుంటే పండుకోనంటివి కదన్నా. మాటంటే మాట అంటివి," అన్నాడు.

"గడియారం ల్యాకుంటే పండుకోనంటి. మనిషి లేపుతాదంటే పండుకోనంటినా?" అని మార్కండేయులు లేచి, రూము వైపు రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగాడు. ఈసారి గొంతు బాగా తగ్గింది. "పుష్పక్కా, రేపు నాకు తొలి బస్సుకు పోవాల."

"లేపుతాలే," అంది పుష్పావతి, ఇంకో కాయ చేతిలోకి తీసుకుంటూ. "పొద్దును మాత్రం ఆపద్దు. నాకు ఇంకా పదిహేడు రూములు ఉండాయి."