రేపే ఆఖరి పరీక్ష

అరవై మూడో సంవత్సరం. రేపల్లెలో శివాలయం అర్చకులు గౌరీశంకరం గారి భార్య మాణిక్యాంబ, కూతురు హైమావతిని వెనక గదిలోకి లాక్కెళ్లి గడియ పెట్టింది.

"పుస్తకం మూసి పట్టులంగా కట్టుకోవే అంటుంటే!"

"రేపు తెనాల్లో ఎస్సెల్సీ ఆఖరి పరీక్షమ్మా. సోషల్ సగం మిగిలిపోయింది. ఎవరొస్తున్నారు?"

"ఎవరో ఒకరు. జడ ఇటు తిప్పు."

"అమ్మా, నేనివాళ... పట్టు కట్టకూడదు."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నువ్వు పెద్దమనిషివై ఏడాది దాటిందని. గడ్డివామి సందున నువ్వారేసే గుడ్డలు మీ నాన్నగారి కంట పడకుండా తీసిందెవరనుకున్నావే?"

"అమ్మా! తెలిసీ చెప్పలేదా? ఈడేరిన రోజే బడి బంద్ అన్నారుగా నాన్నగారు. నా చదువు కోసం ఇంత దాచావా, నా తల్లే!"

"చదువుకా... ఆ, చదువుకే. తల దువ్వనీ."

"మాట మింగుతున్నావు. ఎవరమ్మా వచ్చేది?"

"బాపట్ల వాళ్లు. తాంబూలాలు పుచ్చుకోడానికి."

"ఎవరికి?"

"నాకు మరి! నీకేనే. ఈడేరని పిల్లయితేనే చేసుకుంటామన్నారు పెళ్లికొడుకు తాతగారు. సర్కారేమో పదిహేను నిండాలంటుంది, శాస్త్రమేమో ఈడేరక ముందే అంటుంది. అలాంటి పిల్ల ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతుంది? అందుకే నోరు కుట్టుకున్నాను."

"నా కోసం కాదన్నమాట."

"నీ కోసమేనే, పిచ్చిదానా! పొలం పుట్రా ఉన్నవాళ్లు..."

"నాకొద్దు. నాన్నగారితో నిజం చెప్పేస్తా."

"చెప్పు. ఈ క్షణానే మూల కూర్చోబెడతారు. రేపు గడప దాటవు. పరీక్ష పోయినట్టే."

"అయితే రేపు రాసొచ్చి చెప్తా."

"తాంబూలాలయ్యాకా? మోసం చేసి పిల్లనంటగట్టాడంటారు. మీ నాన్నగారి చేతి తీర్థం ఒక్కరు పుచ్చుకోరు. గుడి పోతుంది. మేం ఏ గంగలో దూకాలి?"

"ముందు నుయ్యి, వెనక గొయ్యి చేశావు కదమ్మా! ఒక్క పరీక్ష. ఇన్నేళ్లు చదివి, ఇంకొక్క పరీక్ష..."

"జట్కా ఆగింది. వచ్చేశారు. ఏడవకే, కాటుక చెదురుతుంది."

"గడియ తియ్యి మాణిక్యం! బాపట్ల వాళ్లొచ్చారు."

"తీశానండీ, రండి."

"ఏమ్మా హైమా, తయారేనా? ఏదీ, తల వంచు తల్లీ, విభూతి పెడతాను."

"ఆగండీ, ముందు వాళ్లకి మంచినీళ్లు..."

"నన్ను తాకకండి, నాన్నగారూ! మైల. నేను ఈడేరి ఏడాదయింది."