ఒంటి గీత, జంట గీతలు

సంతకం పెట్టనమ్మా. పొద్దున్నుంచి మీరు ఆ కాగితం నా ముందుకు తోస్తూనే ఉన్నారు, నేను వెనక్కి జరుపుతూనే ఉన్నాను. వంతెన ఫైలు తొక్కిపెట్టింది అంతరంగిక కార్యదర్శినైన నేనేనని మంత్రిగారు చెప్పేశారట. చెప్పరూ మరి? ఆయన నోట్లో వేలు పెడితే కొరకలేని పసిబిడ్డాయె.

మా బళ్లో పంతులుగారొక కథ చెప్పేవారు. రాజుగారి గుర్రం ఎవరి చేలోనో పడి పైరంతా తొక్కేసిందట. విచారణ జరిపి కళ్లేనికి కొరడా దెబ్బలు కొట్టించారట. ఆ కళ్లెం నేనే.

విచారణాధికారి కదా, మీకు తెలియాలి. ఆఫీసులో ఆయన్ని చాటుగా ఏమనేవాళ్లో తెలుసా? శాఖామృగం. నవ్వుతున్నారా? నవ్వండి, కోతికి సంస్కృతంలో అదే పేరు. కేంద్రంలో పదహారేళ్లు ఈ శాఖ నుంచి ఆ శాఖకి గెంతడమే కదా ఆయన చేసిన రాజ్యం.

మొదట ఓడరేవులిచ్చారు. పడవెక్కితే వాంతులు. తర్వాత వ్యవసాయం. పచ్చటి వరిచేను ముందు నిలబడి, 'గడ్డి భలే పెరిగిందయ్యా' అన్నారు, రైతులు వింటుండగానే. ఆరోగ్యశాఖలో టీకా ప్రచారం పెట్టారు. ఈయనకేమో సూదంటే వణుకు. తెర పక్కనుంచి నా చేయి చాపించారు. గోడల మీద అంటించిన ఆ బొమ్మలో ముఖం ఆయనది, చేయి నాది. చివరికి రోడ్లూ వంతెనలూ వచ్చాయి. తన కోడి కూస్తేనే దేశానికి తెల్లారుతుందని నమ్మే మనిషికి ఏ శాఖైతేనేం?

ఏ శాఖలోనైనా ఆయన పని ఒక్కటే. ప్రతి అర్జీ మీదా 'పరిశీలించండి' అని రాయడం. వచ్చినవాడు ఆ మాట చూసుకుని దణ్ణం పెట్టి వెళ్లేవాడు. అసలు సంగతి మాటలో లేదమ్మా, మాట కింద ఉంది. జంట గీతలుంటే పని చేయమని. ఒంటి గీత ఉంటే బీరువాలో పడేయమని. ఈ మర్మం కింది అధికారులందరికీ తెలుసు, అర్జీదారుకి తప్ప. 'మాటకి సాక్ష్యం ఉంటుంది, గీతకి ఏముంటుందయ్యా?' అనేవారు. ఆ బుర్ర ఆయనదే, రాసుకోండి.

ఆ వంతెన ఇంజనీరా? వచ్చాడు. మూడుసార్లొచ్చాడు. రిటైరవడానికి ఏడాది కూడా లేదు. వంతెన కాలు పగిలిన ఫోటో తెచ్చాడు. పగుల్లో అరచెయ్యి పెట్టి తీయించాడు, మణికట్టు దాకా దిగిపోయింది. 'పరిశీలించండి' అన్న మాట చూసి ఎంత సంబరపడ్డాడో. నాలుగు నెలలకి వానలొచ్చాయి, వంతెన కూలింది. బస్సుతో సహా పదకొండు మంది.

అవును, ఆ అర్జీ మీద ఒంటి గీతే. చూశారుగా.

ఏమిటీ? సిరా తేడాగా ఉందా? మాట ఆకుపచ్చ, గీత నలుపు.

కాసిని మంచినీళ్లిప్పించండి.

ఆరోగ్యశాఖ నాటికే ఆయనకి విసుగొచ్చేసిందమ్మా. 'మాట నేను రాస్తాను, గీతలు నువ్వే పెట్టుకో' అన్నారు. ఒక్కటి పెట్టానా, రెండు పెట్టానా అని ఒక్కనాడూ అడగలేదు.

ఆ ఇంజనీరు మూడోసారి వచ్చినప్పుడు, 'ఇలా కూర్చోండి, నాతో చెప్పండి' అన్నాను. గదినిండా జనం. 'గుమాస్తాలతో కాదు, మంత్రిగారితోనే చెప్పుకుంటాను' అన్నాడు. ఎవడో కిసుక్కున నవ్వాడు.

అంతే. ఒక్క గీతే గీశాను. ఆ ఫోటో నేనప్పుడు సరిగ్గా చూడను కూడా లేదు.

మంత్రిగారు అబద్ధమే చెప్పారు. ఆయనకి ఆ గీత సంగతే తెలియదు, ఊరికే నా మీదికి తోసేశారు. అది కాస్తా నిజమై కూర్చుంది. ఏం చేస్తాం? ఇటివ్వండి, ఎక్కడ పెట్టాలో చూపించండి.