పగడాల తొట్టిలో చక్కెర

పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టిలో కోడలు చుక్కలు లెక్కపెట్టి వెనిగర్ వెయ్యబోతుంటే, మామగారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

“వంటింటి వెనిగర్ చేపలకెందుకమ్మా?”

“చేపలక్కాదు మామయ్యా, బ్యాక్టీరియాకి. అది తిని పెరుగుతూ, పగడాల్ని పాడుచేసే నైట్రేట్‌ని లాగేస్తుంది.”

“చక్కెరైనా పనిచేస్తుందని నిన్న ఫోన్లో ఎవరితోనో అన్నావుగా?”

“చిటికెడైతే చేస్తుంది. ఎక్కువైతే బ్యాక్టీరియా విపరీతంగా పెరిగి చేపలకి ఊపిరాడదు.”

ఆయన గొంతు సవరించుకున్నారు.

“మూడు చెంచాలంటే ఎక్కువేనా?”

“నీళ్లు తెల్లబడ్డాయేంటా అనుకుంటున్నా! ఎప్పుడేశారు?”

“నిన్ననే. పగడాలు పాడవుతున్నాయని నీ దిగులు చూడలేక...”

ఆమె పరుగున వెళ్లి రెండు గాలి పంపులు తెచ్చి పెట్టింది. మర్నాటికి నీళ్లు తేటపడ్డాయి. చేపలన్నీ బతికాయి. మామగారు నెమ్మదిగా అడిగారు.

“ఎలాగూ వేశాను కదమ్మా, నైట్రేట్ ఎంత తగ్గిందో చూద్దామా?”