ఉన్నావా అని అడిగే పెట్టె

తెనాలి స్టేషన్ రోడ్డులో మాణిక్యమ్మ టీకొట్టు. మా వీధులకి ఇంటర్నెట్ లైన్లు లాగిన శ్యాంప్రసాద్ వచ్చి బల్ల మీద కూలబడి, "పిన్నీ, ఉక్కపోస్తోంది, ఆ ఫ్యాను ఇటు వెయ్యి. స్ట్రాంగ్‌గా ఓ టీ" అన్నాడు. ఎదురుగా చంద్రశేఖరం మాస్టారు. ఆయన ఆన్‌లైన్లో పిల్లలకి సంస్కృతం చెబుతారు. నెట్ సగం శ్లోకంలో ఆగిపోతోందని, ఇవాళే కనెక్షన్ మార్చేస్తానని ముందే చెప్పేశారు. ఆయన మారితే వీధి వీధంతా మారుతుంది. శ్యాంప్రసాద్ వచ్చింది అందుకే.

"మార్చడం దేనికండీ మాస్టారూ? ఆ బిస్కెట్ల సీసా వెనకాల పెట్టె చూశారా? పేకముక్కల కట్టంతే ఉంటుంది గానీ అది పూర్తి కంప్యూటరండీ. అందులో ఒక సాఫ్ట్‌వేర్ ఎక్కించా. దాని పనల్లా ప్రతి ఇంటి రూటర్‌నీ 'ఉన్నావా?' అని పిలవడమే. 'ఉన్నా' అంటే సరే. పలక్కపోతే నా ఫోన్ మోగుద్ది."

"హాజరు తీసుకుంటుందన్నమాట!" మాస్టారు కుతూహలంగా ముందుకు వంగారు.

"ఆ, హాజరే! మొన్న కొలకలూరులో ఒక ఇల్లు పలకలేదు. వెళ్లి చూద్దును కదా, వైరు ఎలక కొరికేసింది. ఇదేం గొప్ప కాదు లెండి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రేపల్లెలో రొయ్యల చెరువు గట్టున ఒక రూటర్ పెట్టా, ఈ పెట్టె దాన్ని పిలిచీ పిలిచీ అలవాటుపడి నీళ్లలోకి కూడా పిలవడం మొదలెట్టింది, రొయ్యలన్నీ వరసగా 'ఉన్నా, ఉన్నా' అంటున్నాయి, ఒక్కటి మాత్రం పలకలేదు. రైతుకి ఫోన్ చేశా. 'అవునండి, పొద్దున కూరలో వేశాం' అన్నాడు!"

"రొయ్య ఏ భాషలో పలికింది నాయనా?"

"నెట్ భాషలోనండి. అదలా ఉంచి బాపట్ల సంగతి వినండి. తుఫాను వస్తోందని ఊరంతా హడావుడి. నా పెట్టె సముద్రం వైపు 'ఉన్నావా?' అంది. 'ఉన్నా, వస్తున్నా' అంది తుఫాను. అప్పుడు పెట్టె ఏమందో తెలుసా? 'లైన్లన్నీ బిజీగా ఉన్నాయి, కాసేపాగి ప్రయత్నించండి' అంది! తుఫాను నిలబడి, నిలబడి, విసుగొచ్చి వెనక్కెళ్లిపోయింది. బాపట్లలో ఆరేసిన బట్టలు కూడా తడవలేదండి! అలాంటిదానికి మీ ఇంటి నెట్ ఓ లెక్కా? ఇదిగో ఫోన్, ఇంటికో చుక్క, అన్నీ పచ్చగా ఉన్నాయి చూడండి. ఇప్పుడు కూడా మీ ఇంటిని పిలుస్తూనే ఉంది."

మాస్టారు ఫోన్ చూశారు. సీసా వెనక్కి తొంగి చూశారు. "అంతా బాగానే ఉంది గానీ, నాకో సందేహం. అది అందర్నీ ఉన్నావా అని అడుగుతుంది సరే, దాన్ని ఎవరడుగుతారు?"

"దాన్ని అడిగేదేంటండీ! అది ఎప్పుడూ ఉంటుంది."

"లేదుగా," టీ వడపోస్తూ అంది మాణిక్యమ్మ. "రాగానే ఫ్యాను వెయ్యమన్నావు. కొట్లో ఉన్నది ఒక్కటే ప్లగ్గు. అప్పుడే నీ పెట్టె వైరు పీకేశా."

శ్యాంప్రసాద్ గబుక్కున ఫోన్ కేసి చూశాడు. ఫోన్‌లో మాత్రం అన్నీ ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఫ్యాను గాలికి అతని జుట్టు హాయిగా ఎగురుతోంది.

"శ్యాంప్రసాదూ, ఉన్నావా?" అన్నారు మాస్టారు.

"...ఉన్నానండి."

"అయితే పెట్టెని ఇక్కడే ఉంచి, నిచ్చెన తీసుకుని మా ఇంటికి నువ్వు రా."